కుర్చీ కంటే ముందు ఫర్మా



తెనాలి నుంచి గుంటూరు వెళ్లే దారిలో, తెనాలి దాటీ దాటగానే వచ్చే ఊరు అంగలకుదురు. మాది ఆ ఊరే. వడ్రంగం మా ఇంటి పని. మా కొట్టంలోనూ అందరికీ ఉన్నట్టే నాలుగు మిషన్లు, ఉలులు, రంపాలు, చిత్రికలు ఉన్నాయి. వాటితో పాటు ఒక గోడ నిండా మేకులకు వేలాడుతూ పల్చటి పలకలు కనిపిస్తాయి. వంపులు తిరిగినవి కొన్ని, చిల్లులున్నవి కొన్ని, ఒక అంచుకు పట్టీ కొట్టినవి కొన్ని. పని చెప్పడానికి వచ్చినవాళ్లలో చాలామంది వాటిని పొయ్యిలోకి పోయే సరుకనుకుంటారు. నా మటుకు నాకు కొట్టంలో అన్నిటికంటే విలువైనవి అవే. ఈ పూట వాటి గురించి మాట్లాడతాను.

కుర్చీ కాలు ఎక్కడ వంగాలో, ఎంత వంగాలో చెప్పే పలకను మేం ఫర్మా అంటాం. రంపాన్నో, బరమానో, రౌటర్‌నో అనుకున్న చోటికే నడిపించి పక్కకు పోనివ్వని సాధనం జిగ్. మొదటిది ఆకారాన్ని పట్టి ఉంచుతుంది, రెండోది పనిముట్టును పట్టి ఉంచుతుంది. వేల కుర్చీలు చేసే ఫ్యాక్టరీకి ఇవి కావాలంటే ఎవరూ కాదనరు. ఒకే ఒక్క కుర్చీని ఒక ఇంటికి, ఒక మనిషికి కొలిచి చేసే మాబోటి చిన్న కొట్టాలకు ఇవి ఇంకా ఎక్కువ అవసరమని నేనంటాను.

"ఒక్కదానికి ఫర్మా ఎందుకయ్యా, నేరుగా కర్ర మీదే గీసుకోరాదూ?" అని అడిగేవాళ్లున్నారు. ఒక కుర్చీని ఎదురుగా పెట్టుకుని చూడండి. ముందు కాళ్లు రెండు, వెనక కాళ్లు రెండు, చేతులు రెండు, పక్కల అడ్డకర్రలు రెండు. ఒక్క కుర్చీలోనే ఇన్ని జతలున్నాయి. నాలుగు కాళ్లలో ఒకటి అరనూలు పొడుగైతే చాలు, కుర్చీ నేల మీద కుదురుగా నిలవదు. కుడి చెయ్యి వంపు ఎడమ చేతి వంపుతో కలవకపోతే కూర్చున్నవాళ్లు కారణం చెప్పలేరు గానీ, కాసేపటికి ఒక పక్కకు ఒరిగి కూర్చుంటారు. కంటికి అందని తేడాను ఒళ్లు పట్టేస్తుంది. నేరుగా కర్ర మీద గీస్తే అదే వంపును రెండుసార్లు ఆలోచించాలి, రెండుసార్లూ ఒకేలా ఆలోచించాలి. ఫర్మా చేసుకుంటే ఆ ఆలోచన ఒక్కసారే, నిదానంగా, పెద్ద ఖరీదు లేని ప్లైవుడ్ ముక్క మీద అయిపోతుంది. తప్పు వస్తే ఆ ముక్క పోతుంది, టేకు పోదు. దర్జీ ఖరీదైన గుడ్డకు కత్తెర పెట్టేముందు కాగితం మీద కత్తిరించుకోవడం లాంటిదే ఇది.

పడక కుర్చీ సంగతి కాస్త వివరంగా చెబుతాను. మన డెల్టా ఊళ్లలో పాత మండువా ఇళ్ల వసారాల్లో పేముతో అల్లిన పడక కుర్చీలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వీపు వెనక్కి వాలి ఉంటుంది, చేతులు ముందుకు పొడుగ్గా సాగి ఉంటాయి, వాటి మీద కాళ్లు చాపుకోవచ్చు. రేపల్లె వైపు నుంచి అన్నదమ్ములిద్దరు అలాంటి కుర్చీని ఆటోలో వేసుకుని తెచ్చారు. "మేస్త్రీ, ఇది మా తాతగారిది. మేమిద్దరం, కుర్చీ ఒక్కటే. దీనికి జత చేసి పెట్టాలి. పక్కపక్కన పెడితే ఏది పాతదో రంగును బట్టి తప్ప తెలియకూడదు" అన్నారు. ఇంతకంటే మంచి పని వడ్రంగికి ఏం కావాలి?

ముందుగా ఆ పాత చేతిని విప్పకుండానే దాని పక్కన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఆనించి బిగించి, అంచు వెంబడి పెన్సిల్‌తో గీత తీయాలి. పెన్సిల్ నిటారుగా ఉండాలి, ములికి సన్నగా చెక్కి ఉండాలి. వాలిందంటే గీత లోపలికో బయటికో జారుతుంది. అయితే ఆ గీతే ఫర్మా కాదు. మోచెయ్యి ఆనే చోట ఆ చెయ్యి మూడు తరాల రాపిడికి అరిగి ఉంది. చివర కాళ్లు పెట్టే చోట కూడా అంచు గుండ్రబడింది. అరుగుదలతో సహా దించేస్తే కొత్త కుర్చీ చేతికి అర్థంలేని గుంట ఒకటి వస్తుంది. మొదట చేసిన మేస్త్రి అనుకున్న వంపు ఏదో వెతికి పట్టుకోవాలి.

దానికి వెదురు బద్ద కావాలి. కణుపులు అడ్డురాకుండా ఒకే మందాన సన్నగా చీల్చి నున్నగా గీకిన బద్ద. గీత మీద అరగని చోట్లు మూడో నాలుగో చూసుకుని అక్కడ చిన్న మేకులు దిగ్గొట్టి, బద్దను వాటి వెంట వంచితే అది తనంతట తాను నున్నటి వంపు తీసుకుంటుంది. బద్దకు ముడత పడటం తెలియదు, ఎగుడుదిగుడు తెలియదు. దాని వెంబడి మళ్లీ గీత తీస్తే పాత మేస్త్రి గీసిన గీత బయటపడుతుంది. ఆ గీతకు కాస్త బయటగా జిగ్‌సాతో కోసి, ఆకురాయితో గీతదాకా తెచ్చి, చివరికి చదునైన బద్దకు చుట్టిన ఉప్పుకాగితంతో సాపు చేయాలి. సాపు అయిందో లేదో కళ్లు చెప్పలేవు. కళ్లు మూసుకుని బొటనవేలు అంచు మీద ఒక కొస నుంచి రెండో కొసకు నడిపించాలి. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ పని మిగిలి ఉంది. ఫర్మా మీద మిగిలిన బొడిపె దానితో చేసిన ప్రతి ముక్క మీదికీ ఎక్కుతుంది కాబట్టి, ఈ పని ముగిసేదాకా నేను టేకు పలక ముట్టుకోను.

ఇక రాత. "పడక కుర్చీ చెయ్యి. ఇది కుడి. తిరగేస్తే ఎడమ. కర్ర మందం ఒకటిన్నర అంగుళం" అని ఫర్మా మీదే రాస్తాం. ఒక బాణం గుర్తు వేస్తాం. నారపోగు ఆ బాణం వెంట నడవాలని దానర్థం. ఇది చిన్న విషయం కాదు. వంపు తిరిగిన ముక్కలో ఎక్కడో ఒక చోట నార అడ్డంగా తెగక తప్పదు. ఆ తెగే చోటు సన్నటి భాగంలో పడిందంటే బరువు పడిన రోజున కర్ర అక్కడే ఫట్టుమంటుంది. కుసి, బెజ్జం కలిసే చోట నార నిలువుగా ఉండేలా బాణం వేసుకుంటే ఆ బెడద తప్పుతుంది. ఆ తర్వాత ఫర్మాను పలక మీద అటూ ఇటూ జరుపుతూ ముడులు తప్పించి, చేవ లేని తెల్ల కర్ర తప్పించి, ఒక చేతి తల పక్కన ఇంకో చేతి కొస వచ్చేలా ఎదురెదురుగా పెట్టి గీసుకోవచ్చు. ఫర్మా లేకుండా కర్ర ఇంత పొదుపుగా వాడటం నాకైతే సాధ్యమయ్యే పని కాదు.

ఇదంతా మిషన్లు వచ్చాక పుట్టిన తెలివి అనుకోకండి. మా నాన్న ఎడ్లబండి చక్రాలు చేసేవాడు. తుమ్మ కర్ర, బాడిస, ఉలి, అంతే. పన్నెండు ఆకుల చక్రం చుట్టూ అంచుకు ఆరు ముక్కలు పడతాయి. ఒక్కో ముక్క 60 డిగ్రీల వంపు, ఒక్కో ముక్కలో రెండు ఆకులకు రెండు బెజ్జాలు. ఆ ముక్కల వంపుకు ఆయన దగ్గర ఒకే ఒక ఫర్మా ఉండేది. లెక్క చూడండి. ముక్క అరనూలు పెరిగితే ఆరు ముక్కలకు మూడు నూళ్లు. చక్రం మూసుకోదు, లేదా మూసుకున్నా ఆకులు కుండలోకి పూర్తిగా దిగవు. ఆపైన ఎర్రగా కాల్చిన ఇనప పట్టా తొడిగి నీళ్లు పోస్తారు. పట్టా చల్లారి ముడుచుకుంటూ చక్రమంతటినీ నొక్కిపడుతుంది. ముక్కలన్నీ ఒకే అచ్చున వస్తే ఆ నొక్కుడు అతుకులన్నిటి మీదా సమంగా పడి చక్రం రాయిలా నిలుస్తుంది. ఒక్క ముక్క తేడాగా ఉన్నా ఆ నొక్కుడే దాన్ని చీల్చేస్తుంది. కొలతల పుస్తకం ఎరగని ఆ పనిలో ఎంత ఖచ్చితత్వం ఉండేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

మంచంకోళ్లదీ అదే దారి. తరిమెన పట్టి నాలుగు కోళ్లు ఒకేలా తీయాలంటే, కోడు అంచు ఆకారాన్ని పల్చటి చెక్కలో దించి, తిరిగే కోడుకు మధ్యమధ్య ఆనించి చూస్తారు. వెలుతురు సందు లేకుండా చెక్క ఆనిన చోట ఇంకా కర్ర తీయాలి.

కోరి చేయించుకునే కలప సామాను మన తెలుగువాళ్ల చేతుల్లో ఎంత ఎత్తుకు వెళ్లిందో తెలుసుకోవాలంటే 18వ శతాబ్దపు విశాఖపట్నం వైపు చూడాలి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, దొరలు ఇంగ్లండు తరహా కుర్చీలు, మేజాలు, బీరువాలు కావాలని అక్కడి పనివాళ్లకు పురమాయించేవారు. ఆ పనివాళ్లు మేలైన కర్రకు ఏనుగు దంతం తాపడం చేసి, దంతం మీద సన్నటి గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి లతలు, పూలు తీర్చేవారు. అలా దంతం తాపిన కుర్చీలు ఒక మాజీ మద్రాసు గవర్నరు ఇంటి సామాను అమ్మకంలో 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి కొని రాణికి ఇచ్చాడు. అవి నేటికీ ఆ రాజవంశం సేకరణలో ఉన్నాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ పనితనం ఉంది. ఒకే వరసలో పెట్టే కుర్చీలకు ఒకే వంపు, ఒకే లత, ఒకే కొలత రావాలంటే ఆ పనివాళ్ల దగ్గర అచ్చులు ఉండే ఉంటాయని పనివాడిగా నా నమ్మకం. కుర్చీలు మ్యూజియాలకు చేరాయి. చేసిన చేతుల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మళ్లీ పనిలోకి వద్దాం. ఫర్మా పనిలో ఒక నియమం ఉంది, దాన్ని మా కొట్టంలో పనికి చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెబుతాను. ఎన్ని ముక్కలు చేసినా ప్రతిసారీ మొదటి ఫర్మా పెట్టే గీయాలి. చేతికి దగ్గరగా ఉంది కదా అని ఇప్పుడే కోసిన ముక్కను పెట్టి రెండోది, రెండోదాన్ని పెట్టి మూడోది గీస్తే, ప్రతిసారీ పెన్సిల్ మందం కలుస్తుంది. నాలుగో కాలు దగ్గరికి వచ్చేసరికి అది మొదటి కాలికి తోడబుట్టింది కాదు, దూరపు చుట్టం అవుతుంది. అందుకే ఫర్మాకు ఎర్ర రంగు పూస్తాం. కోసిన ముక్కల మధ్య కలిసిపోదు, పొరపాటున కర్రగా వాడేయరు.

రెండు వైపులా ఒకేలా ఉండాల్సిన వస్తువుకు, మంచం తలాపి పలకలాంటి దానికి, సగం ఫర్మానే చేయాలి. మధ్య గీత కొట్టుకుని, సగాన్ని ఒక పక్క గీసి, అదే సగాన్ని తిరగేసి రెండో పక్క గీస్తే రెండూ ఒకటే అవుతాయి. పూర్తి పలకను చేత్తో గీసి రెండు వైపులూ సమంగా తేవాలని కుస్తీ పట్టడం అనవసరం.

మూలమట్టాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కింద పడిన మూలమట్టం పైకి బాగానే కనిపిస్తుంది. తిన్నటి అంచుకు ఆనించి ఒక గీత గీయండి, తిరగేసి అదే చుక్క దగ్గర ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే సరే. విడిపోయాయంటే, కనిపించే ఎడంలో సగం మూలమట్టంలో ఉన్న తప్పు. జిగ్ చేసేముందు ఈ పరీక్ష తప్పనిసరి. ఎందుకంటే వంకర మూలమట్టంతో చేసిన జిగ్, ఆ వంకరను అలమరా తలుపులన్నిటికీ నమ్మకంగా పంచిపెడుతుంది.

రౌటర్ గురించి రెండు మాటలు. ఇప్పుడు ప్రతి కొట్టంలోనూ అది ఉంది. ఫర్మాతో నడవడానికి దాని బిట్‌కు చిన్న బేరింగ్ ఉంటుంది. బేరింగ్ ఫర్మా అంచును తాకుతూ పోతుంది, బిట్ కింద ఉన్న కర్రను సరిగ్గా ఆ అంచుకే కోస్తుంది. కర్రను ముందే గీతకు 2 మిల్లీమీటర్లు బయటగా రంపంతో కోసి పెట్టుకుంటే బిట్ మీద భారం పడదు. బేరింగ్ లేని బిట్ అయితే, రౌటర్ అడుగున బిగించి ఫర్మా అంచుకు ఆనిస్తూ నడిపే చిన్న గొట్టం, అంటే బుష్ వాడతాం. అప్పుడు 16 మిల్లీమీటర్ల బుష్‌లో 10 మిల్లీమీటర్ల బిట్ పెడితే కోత ఫర్మాకు 3 మిల్లీమీటర్ల ఎడంగా పడుతుంది. ఆ 3 ముందే లెక్కలో వేసుకుని ఫర్మా కోయాలి. వంపు దగ్గర ఎదురు వాటంలో నడిపితే నార లేచిపోతుంది, ఒక్కోసారి ముక్కనే విసిరికొడుతుంది. కుర్రవాళ్లకు నా గట్టి మాట ఇది: చిన్న ముక్కను చేత్తో పట్టుకుని రౌటర్ దగ్గరికి తీసుకెళ్లకండి. ముక్కను ఒక పెద్ద పలక మీద బిగించే జిగ్ చేసుకోండి, దానికి చేతులు రెండూ బిట్‌కు దూరంగా పట్టుకునే పిడులు పెట్టండి. జిగ్ చేయడానికి పట్టే కాస్త సమయం వేళ్ల కంటే ఖరీదైంది కాదు.

వంటింటి అరల తలుపులకు లోపల దాగే బందులు వచ్చాక మా పని తీరే మారింది. ఆ బందు గిన్నె దిగడానికి తలుపు వెనక 35 మిల్లీమీటర్ల వెడల్పు గుంట తీయాలి. గుంట నడిబొడ్డు తలుపు అంచుకు దాదాపు 22 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. లోతు కాస్త ఎక్కువైతే ముందు వైపు సన్‌మైకా పొంగుతుంది. ఒక వంటింటికి ఇరవై తలుపులుంటే తలుపుకు రెండు చొప్పున నలభై గుంటలు. నలభైసార్లు టేపు పట్టడమంటే నలభై చోట్ల తప్పుకు తలుపు తెరిచినట్టే. అదే ఒక ప్లైవుడ్ ముక్కకు సరైన చోట చిల్లు పెట్టి, అంచుకు అడ్డుపట్టీ కొట్టి, తలుపుకు ఆనించి బిగిస్తే బరమా వేరే చోటికి పోలేదు.

అరలు పైకీ కిందికీ మార్చుకోవడానికి పక్క పలకల్లో వరసగా వేసే చిల్లులకూ ఇలాంటి జిగ్గే. 32 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున 5 మిల్లీమీటర్ల చిల్లులున్న పట్టీ అది. ఇందులో ఒక కిటుకుంది. ఆ పట్టీకి ఒక కొసన "పైన" అని రాసి తీరాలి. కుడి పలకకు ఒక కొసను, ఎడమ పలకకు రెండో కొసను పైకి పెట్టి చిల్లులు వేస్తే, పట్టీ రెండు కొసల్లో ఎడం సమంగా లేనప్పుడు అర మట్టంగా నిలవదు. ఒక పక్కకు వాలిపోతుంది.

ఇన్ని జిగ్గులు కొనుక్కోవాలా అని అడుగుతారు. బజార్లో దొరుకుతాయి, బాగుంటాయి కూడా. కానీ మన పనికి కావలసినది మన చెత్తబుట్టలోనే ఉంటుంది. మిగిలిన ప్లైవుడ్ ముక్కలు, రెండు స్క్రూలు, ఒక సాయంత్రం.

ఇప్పుడు ఇళ్ల దగ్గరికి. ఫ్యాక్టరీ బీరువాకూ మా బీరువాకూ తేడా బయటపడేది గోడ దగ్గరే. గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్ల గోడలు నిటారుగా ఉండవు, మూలలు మూలమట్టానికి కలవవు. బాపట్లలో అలాంటి ఒక ఇంట్లో గోడ గూటికి పుస్తకాల అరలు అమర్చాం. గూడు ముందు వైపు వెడల్పు, లోపల ఇరుకు, వెనక గోడ మధ్యలో ఉబ్బు. టేపుతో కొలిస్తే ఏ కొలత దేనిదో తేలదు. ఇలాంటి చోట పనికొచ్చే పాత పద్ధతి ఒకటుంది, దానికి కొలత ఒక్కటీ అక్కర్లేదు.

గూట్లో పట్టేంత ప్లైవుడ్ పలకను అర ఉండాల్సిన ఎత్తులో కదలకుండా పెట్టండి. ఒక మూరెడు బద్ద తీసుకుని ఒక కొస సూదిగా చెక్కండి, ఒక పక్కన చిన్న గంటు పెట్టండి. సూదికొసను గూడు మూలకు తాకించి, బద్ద పలక మీద పడుకున్న తీరునే దాని అంచుల వెంట, గంటుతో సహా గీసి, పక్కన 1 అని రాయండి. అక్కడి నుంచి బెత్తెడు దూరంలో గోడకు తాకించి మళ్లీ గీయండి, 2. ఉబ్బు దగ్గర దగ్గరదగ్గరగా తాకించాలి. గూడంతా తిరిగి వచ్చాక పలకను కొట్టానికి తెచ్చి, అర చేయబోయే కర్ర మీద పెట్టండి. బద్దను 1 గీతలో, గంటుకు గంటు కలిసేలా పడుకోబెట్టి సూదికొస దగ్గర చుక్క పెట్టండి. అలా అన్ని అంకెలకూ. చుక్కలు కలిపితే ఆ గూడు మొత్తం కర్ర మీదికి వచ్చేస్తుంది. బాపట్ల ఇంట్లో ఆ అరలు గోడలోంచి మొలిచినట్టు కూర్చున్నాయి. ఆ ఇంటి మామ్మగారు అర అంచుకూ గోడకూ మధ్య పోస్టుకార్డు దూర్చి చూశారు. "దూరట్లేదు అబ్బాయ్" అన్నారు.

మనిషిని కొలవడానికీ ఇలాంటి దారి ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కుర్చీ చేయించుకునేటప్పుడు అంకె చెప్పకండి, మనిషిని తీసుకురండి. ఒక పెట్టె మీద పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి కూర్చోబెడతాం. ఒక్కో పలక చేర్చుతూ, "ఇప్పుడు లేవండి" అంటాం. చేతులతో పెద్దగా ఊతం తీసుకోకుండా లేచిన ఎత్తే ఆ మనిషి కుర్చీ ఎత్తు. మామూలుగా కుర్చీకి 17 అంగుళాలు పెడతారు. ఇలా చూస్తే కొందరికి 19 దాకా వస్తుంది, పొట్టిగా ఉన్న ఆవిడకు 16 చాలు. ఆ ఎత్తుకు కాలి ఫర్మా చేసి దాని మీద ఆ ఇంటి పేరు రాసి పెడతాం.

ఫర్మా లోకాన్నే మార్చిన సందర్భం ఒకటి చెప్పాలి. వియన్నాలో మైకేల్ థోనెట్ అనే వడ్రంగి 1859లో ఒక కుర్చీ బయటికి తెచ్చాడు. దాని నంబరు 14. బీచ్ కర్ర కడ్డీలను ఆవిరిలో మెత్తబరచి, ఇనుప అచ్చుల్లో వంచి బిగించి, ఆరాక విప్పేవారు. మొత్తం కుర్చీకి ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీసిన కుర్చీలు ముప్పై ఆరు, ఘనమీటరు పెట్టెలో పట్టేవి. కాఫీ హోటళ్ల కుర్చీగా అది ప్రపంచమంతా తిరిగింది. ఆ అచ్చులో ఉన్నది ఒక వడ్రంగి ఏళ్ల తరబడి వంపుతో పడిన పేచీ అని నాకనిపిస్తుంది. మన తెనాలి శిల్పులు మట్టి బొమ్మ మీద నుంచి అచ్చు తీసి ఫైబర్ విగ్రహాలు పోసేటప్పుడూ అంతే. అచ్చు తీయడానికి ముందు జరిగిన పనే అసలు పని.

మన వాతావరణం సంగతి మరిచిపోకూడదు. కృష్ణా కాలువల మధ్య, సముద్రానికి దగ్గరగా ఉన్న నేల మనది. ఎండాకాలంలో సులువుగా జారే సొరుగు శ్రావణంలో బిగుసుకుంటుంది. కర్ర పొడుగున పెద్దగా మారదు, వెడల్పున ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. అందుకే ఫర్మాను పట్టె కర్రతో చేయకండి. పొరలు అడ్డంగా నిలువుగా అతికిన ప్లైవుడ్ నిలకడగా ఉంటుంది. ఎం.డి.ఎఫ్. అంచు చాలా నున్నగా వస్తుంది గానీ తడి తగిలితే పొంగిపోతుంది. దానికి అంచుల నిండా సీలర్ పూయాలి, వానాకాలం నేల మీద ఆనించకూడదు. గోడకు వేలాడదీయడానికి కారణం అదే.

ఇప్పుడు సి.ఎన్.సి. మిషన్ వచ్చింది. కంప్యూటర్లో గీసిన గీత వెంట అదే కోసుకుపోతుంది. గుమ్మం తలుపుల మీద నగిషీలు చాలామంది దాంతోనే వేయిస్తున్నారు. నాకు దాని మీద కోపం లేదు. నేను కూడా చేత్తో సాపు చేసిన ఫర్మా తీసుకెళ్లి దాని వంపును మిషన్‌లోకి ఎక్కించి, మందపాటి పలకలో పక్కా ఫర్మాలు కోయించుకుంటాను. వెదురు బద్ద ఇచ్చిన వంపు, బొటనవేలు ఒప్పుకున్న వంపు దానిలోకి వెళ్లాలి. ఆ తర్వాత మిషన్ అయినా, రౌటర్ అయినా, ఉలి అయినా నాకొకటే.

డబ్బు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే బేరం దగ్గరే ఫర్మాలు చచ్చిపోతున్నాయి. కర్రకు ఇంత, కూలికి ఇంత అని లెక్క కట్టేటప్పుడు ఫర్మాకు పట్టిన రోజు ఎవరూ లెక్కలో వేయరు. మేస్త్రి కూడా అడగడానికి మొహమాటపడి నేరుగా కర్ర మీద గీసేస్తాడు. ఆరు కుర్చీలు చేయించుకుంటున్నవారు ఆ ఒక్క రోజు కూలి ఇవ్వడానికి వెనకాడకండి. పిల్ల పెళ్లికో, ఇల్లు పెంచినప్పుడో ఇంకో రెండు కుర్చీలు అదే రకం కావాలని వస్తే, ఫర్మా ఉన్న మేస్త్రి గోడ మీద నుంచి తీసి పని మొదలుపెడతాడు. మీకు కావాలంటే ఫర్మాను మీ ఇంట్లోనే అటక మీద పెట్టుకోండి. డబ్బిచ్చారు కాబట్టి అది మీదే, మేస్త్రి మారినా పనికొస్తుంది.

ఇక చివరిగా, తెనాలి, రేపల్లె, బాపట్ల ఊళ్లలో పాత వడ్రంగుల ఇళ్లవాళ్లకు ఒక మాట. మీ తాతగారి పనిముట్ల పెట్టె అటక మీద ఉంటే ఇనుము వరకు ఏరుకుని పల్చటి చెక్కముక్కలను పొయ్యిలో పెట్టకండి. వంపు తిరిగి, అంచు నున్నగా ఉండి, చిల్లు పెట్టి దారం కట్టి ఉన్న ముక్క ఏదైనా సరే ఫర్మానే అయి ఉంటుంది. చక్రానిదో, మంచంకోడుదో, నాగలి మేడిదో తెలియకపోతే ఒక పెద్ద కాగితం మీద పెట్టి చుట్టూ సన్నటి పెన్సిల్‌తో గీత తీయండి. ఊళ్లో పని మానేసిన పెద్ద మేస్త్రి ఎవరున్నారో కనుక్కుని ఆ కాగితం చూపించి, ఆయన చెప్పిన పేరు, కర్ర పేరు, మందం ఆ కాగితం మీదే రాసుకోండి. ముక్క మీద కూడా రాయండి, బాల్‌పెన్నుతో కాదు, చెరగని మార్కర్‌తో. వానాకాలం రాకముందే ఆ పని చేయండి.